అన్నానికి పిలిచిన దయ్యం

నవల చదివినవాళ్ళు సినిమా చూసి తిట్టడం ఎక్కడైనా ఉన్నదే. నేను పనిచేసిన ఊరివాళ్ళు తిట్టినంత ధైర్యంగా, తిట్టినంత తప్పుగా మాత్రం ఇంకెవరూ తిట్టి ఉండరు. గ్రంథాలయ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు, సర్వీసులో మీరు సాధించిందేమిటి మేడం అని అడుగుతుంటారు. వరస తప్పకుండా పుస్తకాలు సర్దాను, చెదలకు మందు కొట్టించాను, రిజిస్టర్లు దిద్దాను. వాటివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. నా సర్వీసులో జరిగిన ఒకే ఒక్క మంచిపని ఒక పొరపాటు చేసిపెట్టింది. ఆ సంగతి చెబుతాను.

నాది కోడుమూరు వైపు. చివరి పోస్టింగు మాత్రం కమలాపురం దాటాక వచ్చే ఒక ఊళ్ళో పడింది. ఊరి పేరు చెప్పను. నాపరాళ్ళు పరిచిన పాత మిద్దెలో గ్రంథాలయం. ఎండాకాలంలో లోపల కూర్చుంటే మనిషి అప్పడంలా వేగేది. నేను మా వైపు అలవాటు కొద్దీ డబ్బుల్ని "దుడ్లు" అంటే ఊరి ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. వాళ్ళు నవ్వినా నాకు వాళ్ళంటే ఇష్టం, ఎందుకంటే వాళ్ళు చదివేవాళ్ళు. చదవడం రానివాళ్ళు వినేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. వేరుశనగ విత్తే ముందు విత్తనాల కోసం కాయలు ఒలుస్తారు కదా, అప్పుడు ఆడవాళ్ళంతా ఒకరి వసారాలో గుంపుగా కూర్చుంటారు. అందులో ఒకామెకు ఒలిచే పని ఉండదు. ఆమె పుస్తకం చదవాలి, మిగిలినవాళ్ళు ఒలుస్తూ వినాలి. చదివినామెకు కూడా అందరితో సమానంగా కూలి. చర్చికి పోయే ఇళ్ళల్లో ఆడవాళ్ళు బైబిలు చదివి చదివి గొంతు సవరించుకున్నవాళ్ళు కాబట్టి, చదివే పని ఎక్కువగా వాళ్ళకే వచ్చేది.

వాళ్ళందరూ ఏళ్ళ తరబడి చదివిన, విన్న పుస్తకం ఒకటుంది. దయ్యం తిరిగే మేడ గురించిన నవల. రాసినాయన పోయి చాలా కాలమైంది. మళ్ళీ అచ్చు పడలేదు, బజారులో దొరకదు. మా దగ్గర ఉన్నది ఒక్కటే ప్రతి. అట్టలు ఊడిపోతే ఎప్పుడో బైండు చేయించారు. కథ ఏమిటంటే, కొత్తగా పెళ్ళయిన జంట ఒక పాత మేడలోకి అద్దెకు దిగుతారు. పొయ్యి వెలిగించని వేళ వంటింట్లోంచి మసాలా వేయించిన వాసన వస్తుంది. మనిషి లేకుండా రుబ్బురోలు తిరిగిన చప్పుడు వినిపిస్తుంది. ఆ పిల్ల రోజురోజుకూ చిక్కిపోతుంది. ఒకనాడు చీకట్లో మేడమెట్లు ఎక్కుతుంటే ఆమె భుజం మీద చల్లని చెయ్యి ఒకటి పడుతుంది. వెనక్కి తిరిగి చూసేసరికి, పేజీ తిప్పితే, పెద్దత్తగారు నవ్వుతూ నిలబడి ఉంటుంది. "అన్నం చల్లారిపోతోందమ్మా, రా" అంటుంది.

అక్కడినుంచి కథ మారిపోతుంది. ఇల్లంతా మనుషులు. ఎప్పుడో వేరుపడిన అన్నదమ్ములు తిరిగి వస్తారు, గోడలకు సున్నం కొడతారు, ఎవరిదో పెళ్ళి కుదురుతుంది, అందరూ ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేస్తారు. దయ్యం ఊసు మళ్ళీ రాదు. ఈ జనమంతా ఎక్కడినుంచి ఊడిపడ్డారని మా ఊళ్ళో ఎవరూ అడగలేదు. మధ్యలో కొన్నేళ్ళు గడిచి ఉంటాయని ఒకరు సర్దిచెప్పుకున్నారు. భర్త పేరు మారింది కదా అంటే, ముందు రాసింది బడి పేరు, తర్వాతది ఇంట్లో పిలిచే పేరు అని ఇంకొకరు. నేనూ తక్కువ తినలేదు. ఆ కాలంలోనే ఇంత ఆధునికమైన మలుపు రాసిన రచయితను లోకం గుర్తించలేదని గ్రంథాలయ వారోత్సవాల్లో రెండుసార్లు ఉపన్యాసం ఇచ్చాను.

ఇలా ఉండగా మా నెత్తిన పిడుగు పడింది. పాఠకులు తగ్గిన చిన్న శాఖల్ని మూసేసి పుస్తకాల్ని కడపకు తరలించాలని నిర్ణయమైంది. ఆ పని చూడడానికి వచ్చిన అధికారి చెడ్డవాడు కాదు, పొడి మనిషి. నీళ్ళ సీసా తనే తెచ్చుకునేవాడు, మనం ఇచ్చిన టీ ముట్టేవాడు కాదు. ఆయన వచ్చిన రోజు లోపల ఇద్దరే ఉన్నారు. ఒకాయన పేపరు ముఖం మీద కప్పుకుని నిద్రపోతున్నాడు, రెండోవాడు ఫోను చార్జింగు పెట్టుకోవడానికి వచ్చాడు. ఒలిచే వసారాల్లో మా పుస్తకం ఎంతమంది చెవుల్లో పడుతుందో చెప్పాను. చెవులు లెక్కలోకి రావు మేడం అన్నాడాయన. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంకో ఏడాదిలో రిటైరవుతాను, నాకేం పోయింది అనుకోవచ్చు. అనుకోలేకపోయాను. తలుపుకు తాళం వేసి తాళంచెవి పట్టుకుపోయిన మనిషిగా ఆ ఊళ్ళో మిగిలిపోవడం నాకు ఇష్టం లేదు.

సరిగ్గా అప్పుడే ఆ నవల సినిమాగా వచ్చింది. ఊళ్ళో సగం మంది కడప వెళ్ళి హాల్లో చూశారు, మిగిలినవాళ్ళు కొన్నాళ్ళాగి ఫోన్లలో చూశారు. మర్నాటి నుంచి గ్రంథాలయంలో నాకు ఊపిరాడలేదు. చూసొచ్చిన ప్రతివాళ్ళూ నా బల్ల ముందు నిలబడి, ఆ సినిమా నేనే తీసినట్టు నన్ను నిలదీశారు. పెద్దత్తగారు ఏమైంది? పెళ్ళి ఏమైంది? చివర్లో ఆ పిల్లే దయ్యమైపోయి, కొత్తగా అద్దెకొచ్చిన వాళ్ళ కోసం కాచుకుని రోలు తిప్పుతూ కూర్చోవడమేమిటి? బంగారంలాంటి నవలను బుగ్గిపాలు చేశారని ఊరు ఊరంతా ఒక్క మాట మీద ఉంది. ఓట్లప్పుడు కూడా ఆ ఊరు అంత ఐకమత్యంగా ఉండగా నేను చూడలేదు.

ఆ కోపం చూస్తే నాకు బుర్రలో ఒక దీపం వెలిగింది. నవల గొప్పదా, సినిమా గొప్పదా అని సభ పెడదాం, అధికారిని పిలుద్దాం, చెవులెన్ని ఉన్నాయో ఆయన కళ్ళతోనే చూస్తాడు. కాళ్ళావేళ్ళా పడితే ఆయన ఒప్పుకున్నాడు. పుస్తకాల లారీ ఎలాగూ ఆ మర్నాడే వస్తుంది కాబట్టి ఒకే ప్రయాణంలో రెండు పనులూ అవుతాయని ఆయన లెక్క. సినిమా తరఫున మాట్లాడడానికి మా కోడుమూరు కుర్రవాడు దొరికాడు. టైలరు కొడుకు, ఆ సినిమాకు మాటలు రాసినవాళ్ళలో ఒకడు. పిలిస్తే సంబరంగా వస్తానన్నాడు. తనను ఏ మంటల్లోకి పిలుస్తున్నానో నేను చెప్పలేదు.

ఆదివారం చర్చి విడిచిన వెంటనే సభ. చర్చి కుర్చీలే తెచ్చి గ్రంథాలయం ముందు షామియానా కింద వేశాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెడతామని చాటింపు వేయించాను. నిజం చెప్పాలంటే బజ్జీలు అక్కర్లేకపోయింది. కుర్చీలు నిండి, నాపరాళ్ళ అరుగులు నిండి, ఎదురింటి మిద్దె మీద కూడా జనం కూర్చున్నారు. అధికారి ముందువరసలో నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన మా పాత అటెండరు. అందరూ భాయ్ అంటారు. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి కిటికీ దగ్గర ఉర్దూ పేపరు చదువుకుంటాడు. వయసులో ఉన్నప్పుడు మా పుస్తకాలన్నీ బైండు చేసింది ఆయనే. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, కుట్టి, అతికించి, మీద కడప బండ బరువు పెట్టేవాడు. ఆయన కుట్టిన పుస్తకాన్ని ఎద్దులతో లాగించినా ఊడదు.

టీ కొట్టాయన సినిమా పక్షం. హాల్లో తను మూడుసార్లు కేక పెట్టానని, పుస్తకం చదివి ఎవరైనా కేక పెట్టారేమో చెప్పమని సవాలు చేశాడు. దానికి చర్చి పెద్దమ్మ లేచింది. రెండెకరాల మెట్ట సేద్యం చేసుకునే మనిషి, ఒలిచే వసారాల్లో ఆ నవలను అందరికంటే ఎక్కువసార్లు చదివిన గొంతు ఆమెది.

"సినిమాలో దయ్యం కనపడతాది నాయనా. గోడలు ఎక్కుతాది, కండ్లు తెల్లగ చేస్తాది. కనపడినాక ఇంగ దాన్ని చూసి ఏం భయం? పుస్తకంలో వాసన ఒగటే వస్తాది. పొయ్యి మీద ఏమీ లేదు, ఇల్లంతా ధనియాలు వేంచిన వాసన. అది సదివిన దినం నేను మా వంటింట్లోకి పోల్యా."

జనం చప్పట్లు కొట్టారు. నిజానికి నవలకూ సినిమాకూ తేడా చెప్పమంటే, ఇంతకాలం పుస్తకాల మధ్య బతికిన నేను కూడా అంతకంటే బాగా చెప్పలేను. ఆమె కూర్చోకుండానే ముగింపు దగ్గరికి వచ్చింది. వాసన పోగొట్టినారు పోనీ, పెద్దత్తను ఎందుకు చంపినారు అని అడిగింది. వెనక నుంచి అందరూ అదే అన్నారు.

కుర్రవాడు మర్యాదగా లేచాడు. వాసనను తెర మీద ఎలా చూపించాలో తెలియక మూడు నెలలు తన్నుకులాడామని, ఆఖరికి చేతగాక దయ్యాన్ని గోడ ఎక్కించామని నిజాయితీగా ఒప్పుకున్నాడు. తర్వాత కాస్త అయోమయంగా తల గోక్కున్నాడు.

"ముందంతా మార్చినాం, అది నిజమే పెద్దమ్మా. చివర మాత్రం ఒక్క ముక్క మార్చలేదు. పుస్తకంలో ఎట్లుందో అట్లనే తీసినాం. ఈ పెద్దత్త ఎవరో నాకు తెలీడంల్యా."

ఊరు భగ్గుమంది. వీడు పుస్తకమే చదవలేదని ఒకరు, కోడుమూరోళ్ళకు చదువెక్కడిదని ఒకరు. రెండోది నాకూ తగిలింది. కుర్రవాడు పౌరుషంగా ఫోను తీశాడు. హైదరాబాదులో ఎవరి దగ్గరో ఉన్న ప్రతిని పేజీ పేజీ ఫొటో తీసి పెట్టుకున్నాడట. మేడమెట్ల దగ్గర మొదలుపెట్టి మైకులో చదివాడు. భుజం మీద చల్లని చెయ్యి పడింది. వెనక్కి తిరిగి చూసేసరికి "అక్కడ ఎవరూ లేరు. కింద వంటింట్లో రోలు మాత్రం తిరుగుతోంది" అని చదివాడు. అక్కడినుంచి ఆఖరి వాక్యం దాకా సినిమాలో ఉన్నట్టే ఉంది.

నేను మా ప్రతి తెచ్చి అదే పేజీ తిప్పాను. మా పెద్దత్త నవ్వుతూనే ఉంది. అప్పుడు భాయ్ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, కళ్ళద్దాలు పైకి నెట్టి, కుట్టు దగ్గర వేలితో తడిమి చూశాడు. కథ కాదు, కుట్టు చూశాడు. కాసేపటికి ఆయన ముఖం పాలిపోయింది.

"మేడం, ఆ పొద్దు రెండు పుస్తకాలు ఇప్పినా. రెండూ ఒగ కంపెనీవి, ఒగే కాగితం, ఒగే సైజు. నాకు తెలుగు సదవనీకి రాదు కదా, పేజీ అంకెలు చూసి కుడతా. మధ్యలో నమాజుకు పోయి వచ్చినా. అంకెలైతే తప్పలేదు. అంకెలు సరిగ్గానే ఉండాయి."

ఆ కాలపు నవలల్లో కథానాయికల పేర్లకు కరువు. రెండు పుస్తకాల్లోనూ ఆ పిల్ల పేరు ఒకటే. మేడలో దయ్యాన్ని చూడబోయిన పిల్ల వేరు, పెద్దత్తగారు అన్నానికి పిలిచిన పిల్ల వేరు. సగం దయ్యం కథకు సగం కాపురం కథ కుట్టుకుని, ఊరు ఊరంతా ఇన్నేళ్ళూ కళ్ళనీళ్ళు పెట్టుకుని చదివిందన్నమాట.

ముందువరసలో అధికారి అన్నీ వింటున్నాడు. ఏ పుస్తకం ఏదో తెలియని గ్రంథాలయం అని ఒక్క వాక్యం రాస్తే చాలు, లారీ కోసం రేపటిదాకా ఆగక్కర్లేదు. భాయ్ తల వంచుకుని కూర్చున్నాడు. మాట్లాడింది చర్చి పెద్దమ్మే.

తను కాపురానికి వచ్చినప్పుడు ఊరి బయట రాతి మిద్దె ఒకటే ఖాళీగా దొరికిందని, అందులో ఎవరో ఉరేసుకుని పోయారని జనం ఆ గుమ్మం తొక్కేవారు కాదని చెప్పింది. భయంతో చిక్కి సగమైన రోజుల్లో ఒలిచే వసారాలో ఈ పుస్తకం విన్నదట. ఇంట్లో నలుగురు కూర్చుని తింటే దయ్యం ఉండదని దాంట్లో ఉంది కదా అని, వారం వారం ఆడవాళ్ళను ప్రార్థనకు పిలిచి, ప్రార్థన అయ్యాక సంగటి పెట్టిందట. మొదట్లో ఇద్దరు వచ్చారట, తర్వాత వసారా చాలలేదట. ఇప్పుడు ఆ మిద్దెలో మనవళ్ళకే చోటు లేదు.

"ఈ పిల్లోడు సదివిన పుస్తకం ఆ పొద్దు నా చేతికి వచ్చింటే నేను ఆ ఇంట్లో ఉందునా? రాసినాయన ఏం రాసినాడో నాకు తెలీదు. భాయ్ కుట్టింది మాత్రం నాకు బతుకు ఇచ్చింది. దాన్ని తప్పంటే నేను ఒప్పుకోను."

భాయ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కుర్రవాడు మైకు పక్కన పెట్టి ఆమె కాళ్ళకు మొక్కాడు. నేను ఏడ్చాను, దాచుకోలేదు కూడా.

ఇంతలో టీ కొట్టాయనకు అసలు ప్రశ్న తట్టింది. మన పుస్తకంలో తోక వేరేదైతే, మన తోక ఎక్కడుంది? ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక సభ సభంతా గ్రంథాలయంలోకి జొరబడింది. బీరువాలు తెరిచారు, అటకలు దులిపారు, పేపర్ల కట్టలు విప్పారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ గదిలో అంతమంది పాఠకుల్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అధికారి కూడా తోపులాటలో లోపలికి కొట్టుకొచ్చి, బీరువా పక్కన ఇరుక్కుని, పడబోతున్న పుస్తకాల దొంతరను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ దొంతరలోనే ఆ పుస్తకం దొరికింది.

చక్కటి సంసారం నవల. ఎవరూ తీసుకోరు. ఎందుకు తీసుకోరో ఒకామె అప్పుడు చెప్పింది. పెళ్ళయి పోతున్న చెల్లెలికి మంచి పుస్తకమని ఇచ్చిందట, అది చదివి ఆ పిల్ల అత్తగారింట్లో మూడురోజులు వంటింట్లోకి వెళ్ళలేదట. అధికారి అక్కడే నిలబడి పుస్తకం తెరిచి, అదే పేజీ అంకె ఉన్నచోట పైకి చదివాడు. పంక్తిలో ఆకులు వేశారు, అందరూ చేతులు కడుక్కుని కూర్చున్నారు, వడ్డించేవాళ్ళు రాలేదేమని ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళి చూసేసరికి, అక్కడ ఎవరూ లేరు, రోలు మాత్రం తిరుగుతోంది.

మొదట నవ్వింది ఆయనే. అంత పొడి మనిషి బీరువాకు చేరగిలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత గది కప్పు ఎగిరిపోయేలా అందరూ నవ్వారు. భాయ్ కూడా నవ్వాడు. ఆ నవ్వు అయ్యేసరికి ఉగ్గాని చల్లారిపోయింది, ఎవరికీ పట్టలేదు.

కుర్రవాడు రెండింటినీ విప్పి సరిగ్గా కుట్టిద్దామన్నాడు. ఊరు ససేమిరా అంది. రెండు పుస్తకాలూ ఉన్నవి ఉన్నట్టే మళ్ళీ ఒకసారి చదవాలని, ముందు నాకు కావాలంటే నాకు కావాలని నా బల్ల మీద పడ్డారు. పేర్లు రాసుకుంటూ పోతే నా కలం సిరా అయిపోయింది. అధికారి అదంతా చూసి, గొంతు సవరించుకుని, మళ్ళీ ఆఫీసు మనిషై నిలబడ్డాడు.

"మేడం, పాఠకుడు అడిగిన పుస్తకాన్ని అతను చదవకముందే తరలించడం పద్ధతి కాదు. వీళ్ళందరూ చదవనివ్వండి. ఈ వరసలో ఆఖరి మనిషి చదివి తిరిగి ఇచ్చిన రోజు నాకు కబురు చెయ్యండి. అప్పుడు లారీ పంపిస్తాను, రేపు రాదు."

ఆ సాయంత్రం నాకు సంతోషం సగమే కలిగింది. వరస ఎంత పొడుగున్నా ఏదో ఒకరోజు అయిపోతుంది కదా అనుకున్నాను. ఊరు నాకంటే తెలివైనది. చదివి తిరిగి ఇచ్చిన ప్రతి మనిషీ అక్కడే నిలబడి, ఇంకోసారి చదవాలి రాసుకో మేడం అని వరస చివర మళ్ళీ పేరు చెప్పేవాడు. పుస్తకం కోసం వచ్చి ఆగలేనివాళ్ళు ఈలోగా వేరే పుస్తకాలు తీసుకుపోయారు. పై ఆఫీసు రెండుసార్లు అడిగింది, వరస ఇంకా ఉందని రెండుసార్లూ రాశాను. అది అబద్ధం కాదు. నేను రిటైరయ్యే రోజున తాళంచెవి నా తర్వాత వచ్చిన అమ్మాయి చేతిలో పెట్టాను, తలుపులు తీసే ఉన్నాయి.

మొన్న ఆ వైపు పనిపడి వెళితే గ్రంథాలయం దగ్గర దిగాను. ఆ రెండు పుస్తకాల కోసం నా పేరు కూడా రాయమన్నాను. చాలా రోజులు పడుతుంది మేడం అంటూ ఆ అమ్మాయి కాగితం నా ముందుకు జరిపింది. నా పేరు రాస్తూ, నాకంటే ముందు ఎవరున్నారా అని పైగీత చూశాను. కడప నుంచి వచ్చిన ఆ అధికారి పేరుంది. ఆయన కూడా రిటైరయ్యాడట. ఇప్పుడు రాయించుకోవడం మూడోసారని ఆ అమ్మాయి చెప్పింది.